ఎక్కడ ఆగిందో చూపించినవాళ్లకి కృతజ్ఞతలు

విశాఖపట్నం మద్దిలపాలెంలో ఆదివారాలు జరిగే మా ఉచిత ప్రోగ్రామింగ్ క్లాసులో ఈ బ్యాచ్ పని పూర్తయింది. ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున జరిగే చేపల వేలానికి ఒక లెక్కల ప్రోగ్రాము రాయడం వాళ్లకిచ్చిన పని. ముందువైపు విన్‌ఫామ్స్‌తో (విండోస్ తెరలు, బటన్లు తయారుచేసే లైబ్రరీ) డెస్క్‌టాప్ తెర, దాని వెనక డాట్‌నెట్‌తో (మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామింగ్ వేదిక) రాసిన వెబ్ సర్వీసు, ఇంకా వెనక లెక్కలు దాచే డేటాబేస్, ఎస్‌క్యూఎల్ సర్వర్. సగంలో ఆగిపోవాల్సిన ఈ పని ఒడ్డున పడిందంటే ముగ్గురి చలవ. ఎంవీపీ కాలనీ నుంచి వచ్చిన మాస్టారు, గాజువాక నుంచి వచ్చిన అక్క, సీతమ్మధార అన్నయ్య. పేర్లు వేయొద్దన్నారు, వేయడం లేదు. వాళ్లు విప్పిన చిక్కుల్ని మాత్రం వివరంగా రాస్తున్నాం. ఉత్త థాంక్స్ కంటే అదే వాళ్లకి నచ్చుతుంది, తర్వాత వచ్చే పిల్లలకీ పనికొస్తుంది.

ముగ్గురిలో ఎవరూ కీబోర్డు లాక్కోలేదు. అది అన్నిటికన్నా పెద్ద సాయం.

"మాస్టారూ, సర్వీసు పనిచెయ్యట్లేదండీ."
"ఎక్కడ ఆగింది?"
"తెలీదండీ, ఎర్రర్ వచ్చింది."
"ఎర్రర్‌లో అంకె చదువమ్మా."

ఆ అంకె 10061 అయితే, మనం పిలిచిన పోర్టు (కంప్యూటర్‌లో సర్వీసు వినే తలుపు నంబరు) దగ్గర వినేవాడు ఎవడూ లేడని అర్థం. సర్వీసు నడవడం లేదు, లేదా వేరే పోర్టులో నడుస్తోంది. 10060 అయితే అసలు జవాబే రాలేదు. మధ్యలో ఫైర్‌వాల్ (నెట్‌వర్క్ రాకపోకలకి కాపలా) మింగేసింది, లేదంటే ఐపీ అడ్రసే తప్పు. రెండింటికీ ఒకే మందు వేస్తే కుదరదు. మొదటిదానికి సర్వీసు దగ్గరికి వెళ్లాలి, రెండోదానికి దారి చూడాలి.

మాస్టారు చూపించిన క్రమం ఇది. సర్వీసు నడిచే కంప్యూటర్‌లోనే బ్రౌజర్ తెరిచి లోకల్‌హోస్ట్:5000 (అంటే ఇదే కంప్యూటర్, మన సర్వీసు పోర్టు 5000) కొట్టాలి. అక్కడే రాకపోతే నెట్‌వర్క్‌ని తిట్టుకోనక్కర్లేదు. అక్కడ వచ్చి పక్క కంప్యూటర్‌లో రాకపోతే కమాండ్ ప్రాంప్ట్‌లో నెట్‌స్టాట్ -ఏఎన్‌ఓ (ఏ పోర్టు ఎవరి చేతిలో ఉందో చూపే కమాండు) కొట్టి 5000 ఉన్న వరుస చూడాలి. ఆ వరుసలో 127.0.0.1:5000 అని ఉంటే సర్వీసు తన కంప్యూటర్ మాట తప్ప బయటి మాట వినదు. సర్వీసు మొదలుపెట్టేటప్పుడు యూఆర్‌ఎల్ 0.0.0.0:5000 అని ఇస్తే బయటివాళ్లదీ వింటుంది. అప్పటికీ 10060 వస్తుంటే విండోస్ ఫైర్‌వాల్‌లో టీసీపీ 5000కి ఇన్‌బౌండ్ రూల్ (లోపలికి రానిచ్చే అనుమతి) పెట్టాలి. వైఫై 'పబ్లిక్' ప్రొఫైల్‌లో ఉందేమో కూడా చూడాలి. 'ప్రైవేట్'కి మాత్రమే పెట్టిన రూలు పబ్లిక్‌లో పనిచేయదు. ఫైర్‌వాల్ మొత్తం ఆపేసి "వచ్చేసింది మాస్టారూ" అన్నవాళ్లకి చీవాట్లు పడ్డాయి, పడాల్సిందే.

నెట్‌స్టాట్ చివరి గడిలో ఉండేది ప్రాసెస్ నంబరు. పోర్టు ఇప్పటికే వాడుకలో ఉందని సర్వీసు మొరాయిస్తే, చాలాసార్లు ముందు రన్ చేసి మర్చిపోయిన పాత సర్వీసే ఆ పోర్టు పట్టుకుని కూర్చుని ఉంటుంది. ఆ నంబరుని టాస్క్ మేనేజర్ డీటెయిల్స్‌లో వెతికి అది మనదేనని తేల్చుకున్నాక ఆపాలి. ఇంకొకటి, కరెంటు పోయి వచ్చాక రౌటర్ కొత్త ఐపీ ఇవ్వొచ్చు. అందుకని అడ్రసు కోడ్‌లో రాయకుండా సెట్టింగ్స్ ఫైల్లో పెట్టించారు. రౌటర్‌లో ఆ కంప్యూటర్‌కి ఒక ఐపీ రిజర్వ్ చేయించారు.

గాజువాక అక్కకి ఎక్కువ రుణపడిన సంగతి తెర బిగుసుకుపోవడం. బటన్ నొక్కగానే ఫామ్ తెల్లబడి పైన 'నాట్ రెస్పాండింగ్' అని పడుతుంది, ఎర్రర్ రాదు. అదే కోడ్ కన్సోల్ ప్రోగ్రాములో (బటన్లు లేకుండా ఉత్త అక్షరాలతో నడిచేది) పెడితే చక్కగా నడుస్తుంది. ఈ తేడాలోనే జవాబు ఉందని అక్క బోర్డు మీద గీసి చెప్పారు.

విన్‌ఫామ్స్‌లో తెర గీసేది, మౌస్ క్లిక్ వినేది ఒకే ఒక్క థ్రెడ్డు (ఒకదాని తర్వాత ఒకటి పనులు చేసే వరుస). మనం రాసిన అసింక్ మెథడ్ లోపల అవెయిట్ (థ్రెడ్డుని ఆపకుండా జవాబు కోసం ఆగే మాట) ఉంది. బటన్ క్లిక్‌లో ఆ మెథడ్‌ని పిలిచి చివర డాట్ రిజల్ట్ అన్నాం. అంటే జవాబు వచ్చేదాకా తెర థ్రెడ్డు నిలబడిపోయింది. సర్వర్ జవాబు పంపింది, వచ్చింది కూడా. కానీ అవెయిట్ తర్వాతి వరుసలు తిరిగి ఆ తెర థ్రెడ్డు మీదే నడవాలి. ఆ థ్రెడ్డేమో మెథడ్ ముగుస్తుందని ఎదురుచూస్తోంది. మెథడ్ థ్రెడ్డు కోసం, థ్రెడ్డు మెథడ్ కోసం. హెచ్‌టీటీపీ క్లయింట్‌కి (సర్వీసుని అడిగి జవాబు తెచ్చేది) మామూలుగా ఉండే 100 సెకన్ల గడువు కూడా ఈ ముడి విప్పదు, ఎందుకంటే గడువు దాటిందన్న వార్త అందుకోవాల్సిన వరుస కూడా అదే థ్రెడ్డు కోసం నిలబడి ఉంది. కన్సోల్‌కి అలాంటి ప్రత్యేక థ్రెడ్డు ఉండదు కాబట్టి అక్కడ ముడి పడదు. మనం రాసిన మెథడ్ లేకుండా లైబ్రరీలోని గెట్‌స్ట్రింగ్‌అసింక్‌కే నేరుగా డాట్ రిజల్ట్ పెడితే జవాబు వచ్చేదాకా బిగుసుకుని తర్వాత తేరుకుంటుంది. లైబ్రరీ తన లోపల తెర థ్రెడ్డుని అడగదు. "ఒకచోట పనిచేసింది, ఇంకోచోట చేయలేదు" అని పిల్లలు వారం రోజులు తికమకపడింది ఇందుకే.

సరైన మార్గం, పైనుంచి కిందిదాకా అవెయిట్. బటన్ క్లిక్ హ్యాండ్లర్‌ని అసింక్ వాయిడ్ చేయొచ్చు, మిగతా మెథడ్లన్నీ అసింక్ టాస్క్ ఉండాలి. మామూలు మెథడ్‌ని అసింక్ వాయిడ్ చేస్తే లోపలి ఎర్రర్‌ని పిలిచినవాడి ట్రై-క్యాచ్ (ఎర్రర్ పట్టే కోడ్) పట్టుకోలేదు, ప్రోగ్రామే కూలొచ్చు.

అక్క ఇంకో మాట అన్నారు: "తెర బిగుసుకోవడం పోయింది సరే, ఇప్పుడు బటన్ రెండుసార్లు నొక్కండి." నొక్కితే ఒకే బుట్ట రొయ్యలు రెండుసార్లు అమ్ముడైపోయాయి! తెర ఖాళీగా ఉంటే మనిషి మళ్లీ నొక్కుతాడు. పంపే ముందు బటన్ డిసేబుల్ చేసి, ఫైనల్లీలో (ఎర్రర్ వచ్చినా రాకపోయినా నడిచే భాగం) మళ్లీ ఎనేబుల్ చేయాలి. అదీ చాలదు. గడువు దాటిందని ఎర్రర్ వచ్చినా, సర్వర్ అప్పటికే బిల్లు రాసేసి ఉండొచ్చు. అందుకని బిల్లుకో జీయూఐడీని (మరోదానికి రాని గుర్తింపు నంబరు) డెస్క్‌టాప్‌లోనే పుట్టించి పంపాలి, టేబుల్‌లో ఆ గడికి యూనిక్ ఇండెక్స్ పెట్టాలి. మళ్లీ పంపినా రెండో వరుస పడదు. హెచ్‌టీటీపీ క్లయింట్‌ని క్లిక్‌కొకటి పుట్టించకుండా ప్రోగ్రాము మొత్తానికి ఒకటే ఉంచమని కూడా చెప్పారు. ప్రతిసారీ కొత్తది తీసి పారేస్తే మూసిన కనెక్షన్లు కాసేపు టైమ్-వెయిట్‌లో మూలుగుతూ ఉంటాయి, రద్దీలో సాకెట్లు అయిపోతాయి.

వేరే థ్రెడ్డు నుంచి టెక్స్ట్‌బాక్స్ ముట్టుకుంటే వచ్చే క్రాస్-థ్రెడ్ ఎర్రర్ విషయంలో ఒక జాగ్రత్త. ఆ తనిఖీ మామూలుగా డీబగ్గర్ (తప్పులు వెతికే పనిముట్టు) తగిలించి ఉన్నప్పుడే జరుగుతుంది. ఈఎక్స్‌ఈ నేరుగా నడిపితే ఎర్రర్ కనిపించకపోవచ్చు, తప్పు మాత్రం అక్కడే ఉంటుంది. తనిఖీని ఫాల్స్ చేసి నోరు మూయించడం కాదు, ఆ పనిని తెర థ్రెడ్డుకే అప్పగించే ఇన్‌వోక్ వాడాలి.

సీతమ్మధార అన్నయ్యది డేటాబేస్ పని. ఆయన తెరిచి చూసేసరికి ఊరి గడి నిండా ప్రశ్నార్థకాలు. విశాఖపట్నం అని కొడితే పది ప్రశ్నార్థకాలు పడ్డాయి. "సరిగ్గా పదే ఎందుకు?" అని అడిగారు. వ, గుడి, శ, దీర్ఘం, ఖ, ప, ట, పొల్లు, న, సున్నా. యూనికోడ్ లెక్కలో పది గుర్తులు. గడి వార్‌చార్‌గా (యూనికోడ్ కాని అక్షరాల రకం) ఉండి, దాని కొలేషన్‌కి (ఏ భాష అక్షరాలు ఎలా దాచాలో చెప్పే సెట్టింగ్) తెలుగు తెలియకపోతే ఒక్కో గుర్తుకీ ఒక్కో ప్రశ్నార్థకం రాసేస్తుంది. అది చూపించడంలో తప్పు కాదు, లోపలే నిజంగా ప్రశ్నార్థకం నిలవైపోయింది. తర్వాత గడిని ఎన్‌వార్‌చార్‌కి (యూనికోడ్ అక్షరాల రకం) మార్చినా పాత వరుసలు తిరిగి రావు, మళ్లీ కొట్టుకోవాల్సిందే. గడి ఎన్‌వార్‌చార్‌గా ఉండి కూడా ప్రశ్నార్థకాలు వస్తే, క్వెరీని (డేటాబేస్‌కి పంపే ఆదేశం) స్ట్రింగు ముక్కలు అతికించి రాశారని లెక్క. కోట్ ముందు ఎన్ అక్షరం లేకపోతే ఆ వాక్యం గడిలోకి చేరకముందే చెడిపోతుంది. విలువని ఆదేశంలో అతికించకుండా పారామీటర్‌గా విడిగా పంపితే సీ షార్ప్ (మనం రాసే భాష) స్ట్రింగు ఎన్‌వార్‌చార్‌గానే వెళ్తుంది, ఎన్ గొడవ ఉండదు. పనిలో పనిగా ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ (గడిలో కొట్టిన మాటలతో ఆదేశాన్నే మార్చేసే దాడి) తలుపూ మూసుకుంటుంది.

ప్రశ్నార్థకాలు కాకుండా ఫ్రెంచి అక్షరాల్లాంటి పిచ్చి గీతలు వస్తే కంగారుపడక్కర్లేదు. డేటా బతికే ఉంది, చదివేవాడే తప్పు ఎన్‌కోడింగ్‌తో చదువుతున్నాడు. సీఎస్‌వీ ఫైలుని ఎక్సెల్‌లో తెరిచినప్పుడు వచ్చేది ఇదే. ఫైలు రాసేటప్పుడు యూటీఎఫ్-8తో పాటు ముందు మూడు బైట్ల బామ్ (ఎన్‌కోడింగ్ ఏదో చెప్పే గుర్తు) పెడితే ఎక్సెల్ తెలుగుని గుర్తుపడుతుంది. గడి వెడల్పులోనూ మోసం ఉంది. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోటీ 3 బైట్లు, అంటే విశాఖపట్నానికి 30. ఎన్‌వార్‌చార్‌లో 10 చాలు, యూటీఎఫ్-8 కొలేషన్ పెట్టిన వార్‌చార్‌కి మాత్రం 30 కావాలి, అక్కడ లెక్క బైట్లలో.

తేదీల చిక్కు హార్బర్ లెక్క కాబట్టే బయటపడింది. పగటి వ్యాపారమైతే ఏడాదైనా తెలిసేది కాదేమో. వేలం తెల్లవారుజామున 3, 4 గంటలకి. సర్వీసుని పెట్టిన అద్దె సర్వర్ గడియారం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంది, మనకన్నా అయిదున్నర గంటలు వెనక. ఒకటో తారీఖు ఉదయం 3:10కి రాసిన బిల్లు అక్కడ ముందురోజు రాత్రి 9:40. కోడ్‌లో డేట్‌టైమ్ డాట్ నౌ (ఆ కంప్యూటర్ గడియారం చెప్పే టైము) అని రాసేశారు, బిల్లు కాస్తా పోయిన నెలలోకి జారుకుంది. 5:30 దాటాక రాసినవన్నీ సరిగ్గానే పడ్డాయి. అందుకే "కొన్ని బిల్లులు మాయమవుతున్నాయి" అన్న ఫిర్యాదు వచ్చింది. అన్నయ్య అడిగింది ఒకటే: "మాయమైనవి ఏ టైములోవి?" మందు: దాచేది యూటీసీలో, చూపించేది మన టైములో. రోజువారీ మొత్తం వేసేటప్పుడు కూడా మన అర్ధరాత్రిని యూటీసీకి మార్చి అక్కడినుంచి కూడాలి. టైమ్‌జోన్ పేరు విండోస్‌లో 'ఇండియా స్టాండర్డ్ టైమ్', లినక్స్‌లో 'ఏషియా/కోల్‌కతా'. డాట్‌నెట్ 6 నుంచి ఏ పేరు ఎక్కడ ఇచ్చినా సాధారణంగా సర్దుకుంటుంది.

తేదీని 04/03/2025 అని స్ట్రింగుగా పంపడం ఇంకో గుంట. మనకి అది మార్చి నాలుగు, అమెరికా సెట్టింగ్ ఉన్న సర్వర్‌కి ఏప్రిల్ మూడు. పన్నెండో తారీఖు దాకా నోరెత్తకుండా తప్పు రాస్తుంది, పదమూడున కానీ ఎర్రర్ ఇవ్వదు. ముందు సంవత్సరం, తర్వాత నెల, రోజు, చివర +05:30 ఉండే ఐఎస్‌ఓ 8601 పద్ధతిలోనే పంపాలి.

మిగతావి చకచకా. సర్వీసు తన జవాబుతో పాటు ఒక అంకె పంపుతుంది. 415 వస్తే స్ట్రింగ్‌కంటెంట్‌కి రకం చెప్పలేదు, చెప్పకపోతే అది టెక్స్ట్/ప్లెయిన్ అని పంపేస్తుంది, అప్లికేషన్/జేసన్ (పేరు-విలువ జతలుగా డేటా రాసే పద్ధతి) అని ఇవ్వాలి. 405 అంటే అడ్రసు సరే, గెట్ (తెచ్చుకోవడం) బదులు పోస్ట్ (పంపడం) కావాలి, లేదా తిరగేసి. టోకెన్ (గుర్తింపు చీటీ) పంపినా 401, అంటే నువ్వెవరో తెలీదని వస్తుంటే అడ్రసు హెచ్‌టీటీపీతో మొదలైందేమో చూడండి. సర్వర్ హెచ్‌టీటీపీఎస్‌కి మళ్లించినప్పుడు క్లయింటు ఆథరైజేషన్ హెడర్‌ని వదిలేస్తుంది. 200, అంటే అంతా సరే అని వచ్చి కూడా గడులు ఖాళీగా ఉంటే జేసన్‌లో పేర్ల అక్షరాలు కలవలేదు. సర్వీసు చిన్న అక్షరంతో మొదలుపెట్టి పంపుతుంది, జేసన్‌సీరియలైజర్ డీసీరియలైజ్ మామూలుగా పెద్దాచిన్నా తేడా చూస్తుంది. రీడ్‌ఫ్రమ్‌జేసన్‌అసింక్ వాడితే ఆ పట్టింపు లేదు. పోస్ట్‌మ్యాన్‌లో (సర్వీసుని పరీక్షించే సాధనం) వచ్చి బ్రౌజర్‌లో రాకపోతే కారణం కోర్స్, అంటే వేరే ఆరిజిన్ (అడ్రసు, పోర్టు కలిపిన చిరునామా) నుంచి వచ్చిన పేజీకి జవాబు అందనివ్వాలా అన్న బ్రౌజర్ నియమం. లోకల్‌హోస్ట్, 127.0.0.1 బ్రౌజర్‌కి రెండు వేరు ఆరిజిన్లు. డేటాబేస్‌తో మాట్లాడే లైబ్రరీ మైక్రోసాఫ్ట్ డాట్ డేటా డాట్ ఎస్‌క్యూఎల్‌క్లయింట్‌లో 4.0 నుంచి ఎన్‌క్రిప్ట్ (కనెక్షన్‌ని రహస్యలిపిలో నడపడం) మామూలుగానే ట్రూ. పాత ప్రాజెక్టు అప్‌గ్రేడ్ చేశాక సర్టిఫికెట్ ఎర్రర్ వస్తే మూలం అక్కడ ఉండొచ్చు. ట్రస్ట్‌సర్వర్‌సర్టిఫికెట్ ట్రూ అనేది క్లాసు గదికి సరిపోతుంది, అసలు సర్వర్‌కి మంచి సర్టిఫికెట్ పెట్టుకోవాలి.

గది ఇచ్చి, కరెంటు పోయినప్పుడల్లా ఇన్వర్టర్ మా వైపు తిప్పిన మేడమీది మామయ్యగారికీ, మధ్యాహ్నం పులిహోర పంపిన అత్తయ్యగారికీ నమస్కారాలు. ఎర్రర్‌ని ఫోన్లో అడ్డంగా ఫొటో తీసి పంపినా ఓపిగ్గా జూమ్ చేసి చదివిన మాస్టారికి మరోసారి. ఇకమీదట కంట్రోల్-సీ కొట్టి, ఇన్నర్ ఎక్సెప్షన్‌తో (లోపల దాగిన అసలు ఎర్రర్) సహా అక్షరాలే పంపుతారని పిల్లల తరఫున హామీ.

ఒక్కటి మిగిలింది. 58 మిల్లీమీటర్ల థర్మల్ ప్రింటర్‌లో తెలుగు బిల్లు. దానికి తెలుగు ఫాంటు లేదు, అక్షరాలు పంపితే చెత్త వస్తోంది. బిల్లుని 384 చుక్కల వెడల్పు బొమ్మగా గీసి పంపాలని అక్క చెప్పారు. గీశాం, వత్తులు కిందికి తెగిపోతున్నాయి. వరుస ఎత్తు ఎంత ఉంచాలో చేసి చూసినవాళ్లు ఎవరైనా ఉంటే వచ్చే ఆదివారం పదింటికి రండి, ప్రింటరూ రెండు చుట్టల కాగితమూ సిద్ధంగా ఉంటాయి.