ఆరు ఊళ్లు పరుగెత్తి చూసే బదులు ఆస్కోలీలో నాలుగు రోజులు ఉండండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో యూరప్ యాత్రల మీద వచ్చే వ్యాసాలు నేను వదలకుండా చదువుతాను. ఇటలీ అనగానే ప్రతిసారీ రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్, మహా అయితే పీసా గోపురం. వేసవి సెలవులకు మా వీధిలో కూడా కొందరు ప్యాకేజీ టూర్లకు అడ్వాన్సులు కట్టారు. వాళ్ల ప్రోగ్రామ్ కాగితం చూస్తే నాకే ఆయాసం వచ్చింది. తెల్లారగానే బస్సు, మధ్యాహ్నం ఫొటోలు, రాత్రికి ఊరికి దూరంగా ఎక్కడో హైవే పక్కన హోటల్, మళ్లీ తెల్లారితే బస్సు. లక్షలు పోసి అంత దూరం వెళ్లి ఒక్క ఊళ్లో కూడా సాయంత్రం ఎలా ఉంటుందో చూడకుండా తిరిగి రావడం నాకు బాధగా ఉంటుంది, అందుకే ఈ ఉత్తరం.

మా అబ్బాయి మ్యూనిచ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వాడి పుణ్యమా అని నేనూ మావారూ ఇటలీలో ఆస్కోలీ పిచేనో అనే ఊళ్లో ఒక చిన్న ఇల్లు అద్దెకు తీసుకుని ఉన్నాం. మార్కే ప్రాంతం దక్షిణపు చివర, ఒక పక్క కొండలు, ఇంకో పక్క గంట లోపే ఏడ్రియాటిక్ సముద్రం, మధ్యలో త్రోంతో నది. జనాభా దాదాపు 45 వేలు. రోమ్ నుంచి నేరుగా బస్సు ఉంది, సుమారు మూడు గంటలు. పూర్వం రోమన్లు ఉప్పు మోసుకెళ్లిన సలారియా దారే ఇప్పటికీ ఆ కొండల్లోంచి వెళ్తుంది. రైల్లో అయితే సముద్రం ఒడ్డున ఉన్న సాన్ బెనెదెత్తో దెల్ త్రోంతోలో దిగి చిన్న రైలు మారాలి. ఇటలీ చిన్న రైళ్లకు కాగితం టికెట్ కొంటే ఎక్కే ముందే స్టేషన్లో ఉండే మిషన్లో స్టాంపు వేయించుకోవాలి, మరిచిపోతే ఫైన్ వేస్తారు. మన వ్యాసాల్లో ఇలాంటివి ఎవరూ రాయరు.

ఊరంతా ట్రావర్టైన్ అనే లేత రంగు రాయితో కట్టిందే. గుమ్మాలు, గోపురాలు, వంతెనలు, నేల కూడా అదే రాయి. నడిబొడ్డున ఉన్న పియాజ్జా దెల్ పోపొలో అనే చౌకులో నేల రాళ్లు వందల ఏళ్ల నడకకు అరిగి నున్నగా మెరుస్తుంటాయి, చినుకు పడిందంటే చుట్టూ ఉన్న దీపాలన్నీ వాటిలో కనిపిస్తాయి. సాయంత్రం అయ్యేసరికి ఊరు ఊరంతా అక్కడికే వస్తుంది. చేతులు వెనక్కి పెట్టుకుని అటూ ఇటూ నడుస్తూ మాట్లాడుకునే ముసలివాళ్లు, సైకిళ్లు తొక్కే పిల్లలు, ఆఫీసు నుంచి సరాసరి వచ్చినవాళ్లు. మెడలో కెమెరా వేసుకున్నవాళ్లు చాలా తక్కువ. ఆ మూలనే 1907లో తెరిచిన కఫే మెలెత్తి ఉంది, పాత అద్దాలూ పాలరాతి బల్లలూ అన్నీ అలాగే ఉంచారు.

ఆ చౌకు పక్కనే ఉన్న సాన్ ఫ్రాంచెస్కో చర్చి గుమ్మం దగ్గర సన్నటి రాతి స్తంభాలున్నాయి. అరచేత్తో తడితే మోగుతాయి! పక్కింటి పెద్దావిడ మమ్మల్ని లాక్కెళ్లి మరీ వినిపించింది. మన హంపి విఠలాలయం స్తంభాలు గుర్తొచ్చి ఆవిడకు ఫోన్లో ఫొటోలు చూపిస్తే, చుట్టుపక్కల వాళ్లందరినీ పిలిచి చూపించింది. ఆవిడకు ఇంగ్లిష్ రాదు, మాకు ఇటాలియన్ రాదు, అయినా ఓ అరగంట మాట్లాడుకున్నాం. వెనిస్‌లో ఇలా జరగడం కష్టం, ఎందుకంటే అక్కడ మాట్లాడటానికి ఊరివాళ్లే మిగల్లేదు. పాత వెనిస్ దీవిలో కాపురం ఉండేవాళ్లు 50 వేల లోపుకు పడిపోయారు, జనం తాకిడి తట్టుకోలేక పొద్దున వచ్చి సాయంత్రం పోయేవాళ్ల దగ్గర రద్దీ రోజుల్లో 5 యూరోల రుసుము తీసుకోవడం 2024లో మొదలుపెట్టారు.

తిండి సంగతి వివరంగా చెప్పాలి, మనవాళ్లకు అసలు టెన్షన్ అక్కడే కదా. ఆస్కోలీ పేరు చెప్పగానే ఇటలీవాళ్లు ఆలివ్ కాయల వేపుడు అంటారు. అక్కడ పండే పెద్ద మెత్తటి ఆలివ్ కాయను చాకుతో గుండ్రంగా తిప్పుతూ కోసి, గింజ తీసేసి, ఆ తెగిన చుట్టను కూరిన ముద్ద మీద మళ్లీ కాయలా చుట్టి, గుడ్డులో ముంచి రొట్టె పొడి అద్ది నూనెలో వేయిస్తారు. లోపల కూరేది గొడ్డుమాంసం, పందిమాంసం కలిపిన ఖీమా, అది తెలియకుండా ఎవరూ నోట్లో పెట్టుకోవద్దు. మాంసం లేనివి కూడా కొన్ని చోట్ల చేస్తారు, "సెన్సా కార్నే" అని అడిగితే చెబుతారు. మేం మాత్రం కూరగాయల మార్కెట్లో టమాటాలు, వంకాయలు, గుమ్మడి పువ్వులు కొని ఇంట్లోనే వండుకున్నాం. వెంట తీసుకెళ్లిన కందిపొడి, ఆవకాయ ఉండనే ఉన్నాయి. సొంత వంటిల్లు దొరకడం ఒక్కటి చాలు, వయసు మీద పడ్డవాళ్లకు చిన్న ఊరు నయం అనడానికి.

ఇబ్బందులు లేవని అనను. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక దుకాణాలు మూసేసి నాలుగింటికి గానీ తెరవరు, రాత్రి భోజనం ఏడున్నర ముందు దొరకదు, ఆదివారం బస్సులు తగ్గిపోతాయి. ఊళ్లో రువా అని పిలిచే సన్నటి సందులు చూడటానికి ముచ్చటగా ఉంటాయి గానీ మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మెత్తటి అడుగున్న బూట్లు వేసుకోవాలి. నదికి ఇరవై మీటర్లకు పైగా ఎత్తున రెండు వేల ఏళ్ల నాడు కట్టిన సొలెస్తా వంతెన ఉంది, దాని మీద ఈ రోజుకీ కార్లు పోతున్నాయి. అక్కడికి మెల్లగా నడిచినా పావుగంటే.

ఇంకో సంగతి కూడా రాయాలి. 2016 ఆగస్టు 24న ఆ కొండల్లో భూకంపం వచ్చి దాదాపు 300 మంది చనిపోయారు, ఆస్కోలీ జిల్లాలోనే పెస్కారా దెల్ త్రోంతో అనే పల్లె నేలమట్టం అయింది. అక్టోబరు 30న అంతకన్నా పెద్దది మళ్లీ వచ్చింది. ఆస్కోలీ నిలబడింది గానీ పాత కట్టడాలు దెబ్బతిన్నాయి, కొన్నింటికి మరమ్మతులు ఏళ్ల తరబడి సాగాయి. ఆ ఊరికి సంత్ ఎమిదియో ఇలవేల్పు లాంటివాడు, భూకంపాల నుంచి కాపాడతాడని నమ్మకం. అలాంటి చోట మనం ఇచ్చే ఇంటి అద్దె, కూరగాయల డబ్బు ఆ ఊరివాళ్ల చేతికే పోతుంది. వెనిస్ కాలవ పక్కన ఫొటో కోసం పెట్టే ఖర్చు కన్నా ఇది ఎక్కువ విలువైనదని నా గట్టి అభిప్రాయం.

"అంత దూరం వెళ్లి కొలోసియం చూడకపోతే ఎలా" అని మా చెల్లెలే అడిగింది. చూడమ్మా, ఎవరు వద్దన్నారు? రోమ్‌లో ఒకటి రెండు రోజులు ఉండి, ఆ తర్వాత బస్సెక్కి ఒక చిన్న ఊరికి వచ్చెయ్. ఆస్కోలీయే కానక్కర్లేదు. వయొలిన్లు చేసే క్రెమోనా ఉంది, చిత్రకారుడు రఫాయెల్ పుట్టిన ఉర్బీనో ఉంది.

అయ్యా, ఈసారి యూరప్ వ్యాసం వేసేటప్పుడు ఇలాంటి ఊరు ఒక్కటైనా ఎంచుకుని, అక్కడ మెట్లు ఎన్ని ఎక్కాలి, శాకాహారం ఎక్కడ దొరుకుతుంది, ఆదివారం బస్సు ఉందా లేదా అన్నవి కూడా అడిగి రాయించండి. ఆస్కోలీకే వెళ్లాలనుకునేవాళ్లు ఆగస్టు మొదటి ఆదివారం జరిగే క్వింతానా చూడాలనుకుంటే గదులు చాలా ముందే బుక్ చేసుకోండి. పాతకాలపు దుస్తుల్లో ఊరేగింపు, గుర్రాల మీద ఈటెల పోటీ ఉంటాయి. ఆ ఒక్క వారం మాత్రం ఊరు కిటకిటలాడుతుంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు, తెనాలి