డెలివరీ జాబితా క్రమం ఎందుకు తప్పింది, ఇప్పుడు ఏం మార్చాం

వాడకందారులందరికీ నమస్కారం.

డెలివరీ జాబితాలో ఒక ఆర్డరును పట్టుకుని పైకో కిందికో జరిపితే, తెర మీద కనిపించే క్రమం ఒకటి, భద్రమయ్యే క్రమం మరొకటి అవుతోందని మీలో కొందరు ఫోన్ చేసి చెప్పారు. ఒక ఆర్డరుకు రాసుకున్న గమనిక పక్క ఆర్డరుకు చేరిందని కూడా అన్నారు. పొరపాటు పూర్తిగా మాదే. ముందుగా భోజనం అందాల్సిన ఇల్లు జాబితా చివరికి జారిపోతే మాట పడేది మీరే కనుక, మనస్ఫూర్తిగా క్షమాపణ కోరుతున్నాం.

మా తెరలన్నీ క్లోజర్‌స్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో, తెరలను చూపించే రియాక్ట్ అనే సాధనం మీద నడిచే రీఏజెంట్‌తో రాసినవి. ఈ పద్ధతిలో డేటా మారితే తెర దాన్ని అనుసరించాలి తప్ప, తెరను ఎవరూ నేరుగా కదపకూడదు. మేము తొందరలో చేర్చిన ఒక లైబ్రరీ (ఇతరులు రాసిపెట్టిన కోడ్) మాత్రం, లాగిన ఆర్డరును పేజీలో తానే తీసి వేరేచోట పెట్టేది. ఆ సంగతి తెలియని రియాక్ట్ తన లెక్కలోని పాత క్రమాన్నే నమ్మేది. అంతకన్నా పెద్ద తప్పు, ప్రతి ఆర్డరుకు దాని సొంత సంఖ్యను కాక, జాబితాలో అది ఎన్నోదో ఆ అంకెను కీగా, అంటే రియాక్ట్ ఒక్కో ఆర్డరును గుర్తుపట్టే గుర్తుగా, ఇవ్వడం. ఆర్డరు కదిలినా కీ కదలదు కాబట్టి, గమనిక పెట్టె పాత చోటే ఉండిపోయి, అక్కడికి వచ్చిన కొత్త ఆర్డరుకు అంటుకుంది.

ఇప్పుడు ఆ లైబ్రరీని తీసేశాం. క్రమం ఒకే ఆటమ్‌లో (ప్రస్తుత విలువను దాచుకునే చోటు), ఆర్డరు సంఖ్యల వెక్టరుగా (వరుస జాబితాగా) ఉంటుంది. లాగుతున్నంతసేపు ఆర్డరు చూపుకే జరుగుతుంది. వదిలాకే కొత్త వెక్టరు తయారవుతుంది. క్లోజర్‌స్క్రిప్ట్ వెక్టరు ఒకసారి తయారయ్యాక మారదు కనుక పాత క్రమం చెక్కుచెదరకుండా మిగులుతుంది. ‘వెనక్కి తీసుకో’ బటన్‌ను అందువల్లే సులువుగా ఇవ్వగలిగాం. మౌస్‌కూ వేలికీ ఒకే పాయింటర్ ఈవెంట్లు (నొక్కడం, కదపడం గురించి బ్రౌజర్ ఇచ్చే సంకేతాలు) వాడాం. ఎడమవైపు గుర్తును పట్టుకుంటేనే ఆర్డరు కదులుతుంది, మిగతా చోట వేలు పెడితే పేజీ మామూలుగానే జరుగుతుంది.

లాగడం కష్టమైనవారి కోసం పైకి, కిందికి బాణం బటన్లు కూడా పెట్టాం. 2023 అక్టోబరులో వెలువడిన డబ్ల్యూసీఏజీ 2.2 అనే, వెబ్ పేజీలు వికలాంగులకూ అందుబాటులో ఉండాలని చెప్పే ప్రమాణం ఇలాంటి ప్రత్యామ్నాయాన్ని కోరుతోంది. మేము మొదటి రోజునే ఇచ్చి ఉండాల్సింది.

పొడవైన జాబితాలో ఆర్డరును తెర అంచుకు లాగినప్పుడు పేజీ దానంతటది జరగడం ఇంకా కుదరలేదు. అంతవరకు బాణాలు వాడండి. ఇప్పటికే పక్క ఆర్డరు కింద భద్రమైన గమనికలు ఏవో మా ప్రోగ్రాం గుర్తించలేదు కాబట్టి, ఇంకా పంపాల్సిన ఆర్డర్ల గమనికలను దయచేసి ఒకసారి సరిచూసుకోండి.