చుక్కల్లో నిన్ను పోల్చుకున్నాను

అచ్చంపేట
ఆదివారం రాత్రి

బిడ్డా సుజాతా,

మొన్న ఫోనులో నువ్వు "సినిమాలో ఊళ్లో ఒక్కరు కూడా నన్ను గుర్తుపట్టలేదు కదా నాయనా" అన్నప్పుడు ఏం చెప్పాలో తోచక, అన్నం తిన్నావా అని మాట మార్చాను. ఆ మాట అప్పటి నుంచి నన్ను పట్టుకునే ఉంది.

నువ్వు కొండముచ్చుగా నటించిన ఆ సినిమాకు మొదటిసారి వెళ్లినప్పుడు నేనూ నీ ముఖం కోసమే వెతికాను. తెరమీద కొండముచ్చు తప్ప ఎవరూ లేరు. ఇంటికి వచ్చాక మీ స్టూడియో గుర్తొచ్చింది. ఒళ్లంతా మెరిసే గోళీలు అంటించిన నల్ల దుస్తులు వేసుకుని, ముఖం ముందు చిన్న కెమెరా ఉన్న టోపీ పెట్టుకుని మీరు నలుగురు నడుస్తున్నారు. చుట్టూ ఉన్న కెమెరాలు ఆ గోళీలను మాత్రమే పట్టుకుంటున్నాయి. కంప్యూటర్‌లో ముఖాలు లేవు, బట్టలు లేవు, నాలుగు చుక్కల గుంపులు కదులుతున్నాయి. ఎడమ నుంచి రెండోది నువ్వేనని నాకు ఎవరూ చెప్పలేదు. కుడి కాలు కాస్త ఆలస్యంగా ఎత్తే ఆ నడక మీ నాయనమ్మది.

మర్నాడు మళ్లీ వెళ్లాను. ఈసారి ముఖం కోసం చూడలేదు. గాయపడ్డ పిల్లను ఎత్తుకునే ముందు ఆ కొండముచ్చు ఆగి, భుజం దించి, ఊపిరి బిగపట్టింది. బావి మెట్ల మీద తమ్ముణ్ణి ఎత్తుకునేటప్పుడు నువ్వు అలాగే చేసేదానివి. చీకట్లో ఏడ్చాను.

నీకు తెలుసు, పీర్ల పండుగకు నేను పదకొండేళ్లు పులివేషం కట్టాను. ఒంటికి రంగు పూయకముందు మా ఉస్తాద్ నెల రోజులు ఎండిన మోదుగ ఆకుల మీద నడిపించాడు, చప్పుడు కాకుండా. రంగు పూశాక నేనెవరో ఎవరికీ అక్కర్లేదు. పిల్లలు భయపడి తల్లుల కొంగు పట్టుకుంటే చాలనిపించేది.

నువ్వు చెప్పిన ఇంగ్లీషు నటుడు ఆండీ సెర్కిస్ గురించి చదివాను. 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' సినిమాల్లోని గొల్లమ్ పాత్రకు ఆయన్ను మొదట గొంతు కోసమే పిలిచారట. ఆయన ఒళ్లు కూడా ఇచ్చాడు. 2005 నాటి కింగ్ కాంగ్ కోసం రువాండా వెళ్లి కొండ గొరిల్లాలను చూసి వచ్చాడు. 2011లో 'రైజ్ ఆఫ్ ది ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్' సినిమాలో సీజర్ అనే చింపాంజీ అయ్యాడు. బొచ్చు, చర్మం కంప్యూటర్ దగ్గర కూర్చున్నవాళ్లు ఎంతో ఓపికగా చేస్తారు, వాళ్ల కష్టం తక్కువది కాదు. కానీ ఆ బిగపట్టిన ఊపిరి నువ్వు ఇవ్వకపోతే వాళ్లకు దొరికేది కాదు.

చేతులకు ఊతకర్రలు కట్టుకుని రోజంతా నాలుగు కాళ్ల మీద నడుస్తున్నావని అమ్మ బెంగపడుతోంది. మోకాళ్లకు నువ్వుల నూనె పంపుతున్నాం, రాత్రి కాచి రాసుకో.

వచ్చే నెల రెండు రోజులు సెలవు పెట్టు. పొద్దున్నే మన్ననూరు అడవి వైపు వెళదాం. దూకే ముందు కొండముచ్చు ఒళ్లు ఎలా కుదించుకుంటుందో, తోక ఎప్పుడు లేపుతుందో కూర్చుని చూద్దాం. సినిమాలో రెండోసారి దూకినప్పుడు నీ నడుము తొందరపడింది. అది నీకూ తెలిసే ఉంటుంది.

నీ నాయన