ఇకపై గది చూడకుండా కొటేషన్ ఇవ్వం

మీటింగ్ రూములకి టీవీలు, ప్రొజెక్టర్లు పెట్టే మా విజయవాడ కొట్టు నుంచి కస్టమర్లందరికీ నమస్కారం.

మొన్న కార్తీక మాసంలో గుంటూరులో ఒక విత్తనాల కంపెనీ ఆఫీసుకి సర్వీసుకి వెళ్లాను. వాళ్ల మీటింగ్ హాల్లో 65 అంగుళాల టీవీ, రెండేళ్ల క్రితం మేమే పెట్టాం. స్పీకర్ గరగరమంటోందని ఫోన్ చేశారు. నేను వెళ్లేసరికి మీటింగ్ ఇంకా అవ్వలేదు. వెనక ఖాళీ కుర్చీ ఉంటే కూర్చున్నాను. టీవీలో జిల్లాలవారీ అమ్మకాల ఎక్సెల్ షీటు ఉంది. నా పక్కనున్న అకౌంటెంట్ గారు ఫోన్ తీసి టీవీని ఫొటో తీశారు. ఆ ఫొటోని రెండు వేళ్లతో సాగదీసి అంకెలు చదువుకుని డైరీలో రాసుకున్నారు. షీటు మారింది, మళ్లీ ఫొటో. అటు పక్కాయనదీ అదే పని.

"ఎప్పుడూ ఇంతేనాండీ?" అని నెమ్మదిగా అడిగాను.

"అలవాటైపోయింది లెండి. కానీ టీవీ బొమ్మ మాత్రం చాలా బాగుంటుందండీ" అన్నారు.

ఆయన మెచ్చుకుంటుంటే నాకు తల కొట్టేసినట్టయింది. ఆ హాలు పొడవు 24 అడుగులు. కొనేటప్పుడు వాళ్లు ఫోన్ చేస్తే నేను అడిగినవి రెండే: ఎంతమంది కూర్చుంటారు, బడ్జెట్ ఎంత. ఇరవై మంది అన్నారు, ఒక అంకె చెప్పారు. విజయవాడలో కొట్లో కూర్చునే కొటేషన్ పంపేశాను. చివరి కుర్చీ ఎంత దూరంలో ఉంటుందని అడగలేదు. అడగాలని తెలియక కాదు. అడిగితే లెక్క పెద్ద సైజుకి వెళ్తుంది, రేటు పెరుగుతుంది, ఆర్డరు పక్క కొట్టుకి పోతుందని భయం.

ఆ లెక్క ఇదీ. తెర ఎత్తుని ఆరుతో గుణిస్తే, ఎక్సెల్ షీటులాంటిది అంత దూరం దాకే హాయిగా చదవగలం. 65 అంగుళాలంటే మూల నుంచి మూలకి. దాని ఎత్తు 32 అంగుళాలే. ఆరు రెట్లు వేస్తే 16 అడుగులు. అక్కడి నుంచి వెనక కూర్చున్నవాళ్లకి బొమ్మ ఉంటుంది, అంకెలుండవు. 75కి 18 అడుగుల చిల్లర, 86కి 21. పూర్తిగా 24 అడుగులు కావాలంటే 98 అంగుళాల టీవీ. ఉట్టి వీడియోలు చూడటానికైతే ఎనిమిది రెట్ల దూరం దాకా ఫర్వాలేదు. అందుకే మన ఇంటి హాల్లో ఈ బాధ తెలియదు.

గుంటూరు వాళ్లకి 98 కొనమని చెప్పే మొహం నాకు లేదు. పాతది అక్కడే ఉంచి, పక్క గోడకి సరిగ్గా 12 అడుగుల దగ్గర ఇంకో 65 పెడుతున్నాం, రెండిటికీ ఒకే బొమ్మ వెళ్లేలా స్ప్లిటర్ వేసి. వెనక వరుసలు దాన్ని చూస్తాయి. రెండో టీవీ మేం కొన్న ధరకే ఇస్తున్నాం. మా ఆవిడ లెక్కలు చూస్తుంది కాబట్టి ఈ మాట ముందు ఆవిడకే చెప్పాల్సి వచ్చింది. "పోనీలెండి, కొలిచే టేపు పట్టుకెళ్లి ఉంటే ఇంత అయ్యేది కాదు" అంది. టేపు ఖరీదు నూటయాభై.

రెండో తప్పు ఆటోనగర్‌లో. లారీ విడిభాగాల వ్యాపారం చేసే పెద్దాయన పైఅంతస్తులో మీటింగ్ రూమ్ కట్టించుకున్నారు. వెనక సీలింగ్‌కి ప్రొజెక్టర్, ముందు టేబుల్ దగ్గర ల్యాప్‌టాప్. గోడ వెంట, సీలింగ్ మీదుగా తిప్పుకెళ్తే వైరు ఇరవై మీటర్లు పట్టింది. ల్యాప్‌టాప్ నుంచి తెరకి బొమ్మ పంపే మామూలు రాగి హెచ్‌డీఎంఐ కేబుల్ని అంత దూరం నమ్మలేం. 4కే, అంటే బాగా స్పష్టమైన బొమ్మ అయితే, అయిదు మీటర్లు దాటితే చాలు మొండికేస్తుంది. కాబట్టి ఫైబర్ హెచ్‌డీఎంఐ తెప్పించాం. నేల మీద పరిచి చూశాం, బొమ్మ చక్కగా వచ్చింది. పైపులోంచి లాగించి, జిప్సం బోర్డు బిగించి, పెయింటింగ్ కూడా అయ్యాక ప్రొజెక్టర్ ఆన్ చేస్తే 'నో సిగ్నల్'.

ల్యాప్‌టాప్ మార్చాం. ప్రొజెక్టర్ మార్చాం. గంటన్నర తర్వాత మా కుర్రాడు నిచ్చెన మీద నుంచి "అన్నా, ఒకసారి రా" అన్నాడు. ఫోన్ టార్చి వేసి ప్లగ్గు చూపించాడు. నల్ల ప్లాస్టిక్ మీద, గోరంత కూడా లేని అక్షరాలతో 'సోర్స్' అని ఉంది. ఫైబర్ కేబుల్‌కి తలా తోకా వేరు. ఒక చివర ల్యాప్‌టాప్‌కే, రెండోది ప్రొజెక్టర్‌కే పెట్టాలి. లోపల ఒకవైపు వెలుగుని పంపే చిప్పు, ఇంకోవైపు అందుకునే చిప్పు ఉంటాయి. లాగేటప్పుడు సీలింగ్ వాళ్లు అటు చివర్ని ఇటు అందించారు, మేం చూసుకోలేదు.

కొత్త సీలింగ్ విప్పించాం. ఖర్చు మాదే. పెద్దాయన అరవలేదు. కింద నుంచి పైకి చూస్తూ, "మా దగ్గర మెకానిక్ కుర్రాళ్లు కూడా బేరింగ్ తిరగేసి బిగిస్తారయ్యా, కానీ బండి రోడ్డెక్కకముందే చూసుకుంటారు" అన్నారు. అరిచినా ఇంత గుర్తుండేది కాదు.

అప్పటి నుంచి ప్రొజెక్టర్ వైపు చివరకి ఎర్ర టేపు చుట్టాకే కేబుల్ పైపులోకి వెళ్తుంది. పక్కనే ఒక క్యాట్-6 (ఇంటర్నెట్ కనెక్షన్లకి వాడే) వైరు కూడా ఊరికే వేసి ఉంచుతున్నాం. రేపు ఫైబర్ పోతే రెండు చివర్లా చిన్న బాక్సులు పెట్టి దాని మీదే బొమ్మ పంపొచ్చు, సీలింగ్ జోలికి వెళ్లక్కర్లేదు. కొత్త ఆఫీసు కట్టించుకుంటున్నవాళ్లకి ఒక్క మనవి. ఫాల్స్ సీలింగ్ మొదలవకముందే మాకో మాట చెప్పండి. మాకు కాకపోతే ఇంకెవరికైనా. ఎలక్ట్రీషియన్ అలవాటుగా ముప్పావు అంగుళం పైపు వేస్తాడు, అందులో హెచ్‌డీఎంఐ ప్లగ్గు దూరదు. అంగుళంన్నర పైపు వేయించుకోండి.

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న: టీవీయా, ప్రొజెక్టరా? ప్రొజెక్టర్ నలుపు రంగు వెయ్యలేదు. వెలుగు పడకపోవడమే దానికి నలుపు. గదిలో ట్యూబులైట్లు వెలుగుతుంటే, పడమటి కిటికీలోంచి ఎండ పడుతుంటే, తెర మీద నలుపంటే మామూలు తెర రంగే. అక్షరాలు వెలిసిపోయినట్టుండేది అందుకే. నోట్సు రాసుకోవాలి, లైట్లు ఆర్పం అనేవాళ్లకి, పదిపన్నెండు మంది గదికి టీవీయే మేలు. వంద అంగుళాలు దాటాలి, కర్టెన్లు వేయించుకుంటాం అంటే ప్రొజెక్టర్. నేను పెళ్లిళ్లకి ప్రొజెక్టర్లు అద్దెకిస్తూ ఈ వ్యాపారంలోకి వచ్చినవాణ్ణి. రాత్రిపూట కల్యాణ మండపంలో అద్భుతంగా కనిపించిన ప్రొజెక్టర్ పగలు పదకొండింటికి ఆఫీసులో వెలవెలబోవడం నాకు కొత్త కాదు. అయినా కొన్నాళ్లు అమ్మాను.

ప్రొజెక్టర్ వెలుగుని ల్యూమెన్స్‌లో చెప్తారు. ఆన్‌లైన్‌లో ఆరేడు వేలకి '9000 ల్యూమెన్స్' ప్రొజెక్టర్లు చూసి ఫోన్ చేస్తున్నారు. ఒక కస్టమరు తెచ్చిన పెట్టెని కొట్లోనే కొలిచాను. తెల్ల తెరని తొమ్మిది గళ్లుగా అనుకుని, ప్రతి గడి మధ్యలో వెలుగుని కొలిచే లక్స్ మీటరు పెట్టి, వచ్చిన తొమ్మిది అంకెల సగటుని తెర వైశాల్యంతో, చదరపు మీటర్లలో, గుణించాలి. ఏన్సీ అనే ప్రామాణిక పద్ధతిలో కొలిచిన ల్యూమెన్స్ అంటే అవే. పెట్టె మీద తొమ్మిది వేలున్న ఆ ప్రొజెక్టరుకి రెండు వందలు కూడా రాలేదు. పిల్లలకి చీకటి గదిలో కార్టూన్లకి చాలు. మీటింగ్ రూమ్‌కి వద్దు. ఏన్సీ అనో ఐఎస్ఓ అనో రాయని ల్యూమెన్స్‌ని లెక్కలోకి తీసుకోకండి.

ప్రొజెక్టర్ లోపల వెలుగుకి లేజరా, ల్యాంపా అంటే, ల్యాంపు మోడళ్లు మూడు నాలుగు వేల గంటలు వస్తాయి, లేజర్ ఇరవై వేల గంటలంటారు. రోజుకి రెండు గంటలు, ఏడాదికి మూడు వందల రోజులు వాడితే ఆరు వందల గంటలు. నాలుగు వేల గంటల ల్యాంపు ఆరేళ్లు దాటి వస్తుంది. కాబట్టి ల్యాంపు మార్చే ఖర్చు తప్పుతుందని లేజర్‌కి అంత పోసి కొనక్కర్లేదు. కరెంటు ఎక్కువగా పోయే చోటైతే మాత్రం లేజర్ తీసుకోండి. ల్యాంపు వేడి మీదున్నప్పుడు కరెంటు పోయి, చల్లార్చే ఫ్యాను కూడా ఆగిపోతే దెబ్బతింటుంది, మళ్లీ వెలగాలన్నా చల్లారాలి.

టచ్ ప్యానెళ్ల గురించి చెప్పకుండా ఉంటే అబద్ధమాడినట్టే. 2023లో నాడు-నేడు కింద ప్రభుత్వ బడుల్లో ఐఎఫ్‌పీలు, అంటే చేత్తో రాయగలిగే పెద్ద టచ్ తెరలు, పెట్టిన దగ్గర్నుంచి, వాటిని చూసిన ప్రతి ఒక్కరూ మా ఆఫీసుకీ అదే కావాలంటున్నారు. మామూలు టీవీ కంటే మాకు మార్జిన్ ఎక్కువ మిగిలేది కూడా వాటిలోనే. కాబట్టి నోరెత్తకుండా ఇచ్చాం. కోచింగ్ సెంటర్లు, ప్లాన్ల మీద గీసి చూపించే ఆర్కిటెక్టులు వాటిని బాగా వాడుకుంటున్నారు. మిగతా చోట్ల అలా కాదు. మేం ఇచ్చిన ఒక ఆఫీసులో ఆ టచ్ మీద ఇప్పటిదాకా పడింది తుడిచే గుడ్డ ఒక్కటే. ఇకపై అడిగినవాళ్లని ముందు "దాని మీద ఎవరు రాస్తారండీ?" అని అడుగుతాం. ఒక మనిషిని చూపించలేకపోతే టీవీ చాలని చెప్తాం.

వీడియో కాల్స్‌లో వచ్చే కంప్లయింట్లు చాలావరకు బొమ్మ గురించి కావు. "హైదరాబాద్ వాళ్లకి మా మాట బావిలోంచి వస్తున్నట్టుంటోందట" అంటారు. నాలుగు వైపులా గాజు, కింద పాలిష్ గ్రానైట్, టీవీ మీద కెమెరాలో మైకు. మాట గోడలన్నిటికీ తగిలి మైకు దగ్గరికి చేరుతుంది. ముందు ఒక గోడకి బరువైన కర్టెన్ వేసి చూడండి. తర్వాత టేబుల్ మధ్యలో స్పీకర్‌ఫోన్ పెట్టించుకోండి. కెమెరా మార్చడం ఆఖర్న. ఇంకోటి, ఒకే గదిలో ఇద్దరు ల్యాప్‌టాప్‌ల నుంచి అదే కాల్‌లో చేరి ఇద్దరూ మైకు తెరిస్తే వచ్చే ఆ కీచు శబ్దానికి మా దగ్గర ఏ మందూ లేదు.

తెరకి బొమ్మ పంపడానికి వైర్‌లెస్ పెట్టించుకున్నా టేబుల్ మీద ఒక హెచ్‌డీఎంఐ వైరు ఉంచండి. బయటి నుంచి వచ్చిన అతిథికి మీ వైఫై పాస్‌వర్డు ఇవ్వరు, ఆయన ల్యాప్‌టాప్ టైప్-సి పోర్టు ఛార్జింగ్‌కి తప్ప బొమ్మకి పనికిరాకపోవచ్చు. అప్పుడు అందరి టెన్షన్ తీర్చేది ఆ వైరే.

ధరల సంగతి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ప్రొజెక్టర్ల మీద, 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అంతకుముందు మేమిచ్చిన కొటేషన్ మీ దగ్గరుంటే చించేసి కొత్తది అడగండి. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండి, కట్టిన పన్నుని తమ పన్నులో తగ్గించుకునే (క్రెడిట్) కంపెనీలకి ఇందులో పెద్ద తేడా పడదు. క్లినిక్కులు, చిన్న ఇన్‌స్టిట్యూట్‌ల వాళ్లకే నిజంగా కలిసొస్తుంది.

ఇక మేం మార్చినవి. గది చూడకుండా కొటేషన్ ఇవ్వం. విజయవాడలో అయితే వచ్చి చూడటానికి 500 రూపాయలు, కొంటే బిల్లులో తగ్గిస్తాం, కొనకపోతే పెట్రోలుకి. దూరపు ఊళ్లవాళ్లు పగలు పదకొండు గంటలకి లైట్లు వేసి గదంతా ఒక వీడియో తీసి, చివరి కుర్చీ నుంచి గోడకి దూరం కొలిచి వాట్సాప్ చేయండి. ఇంతకుముందు మా దగ్గర కొన్నవాళ్లలో ఎవరైనా వెనక వరుసలో ఫోన్‌తో ఫొటోలు తీసుకుంటుంటే మొహమాటపడకుండా చెప్పండి, ఉచితంగానే వచ్చి చూస్తాం.

గుంటూరు వాళ్ల రెండో టీవీ గురువారం బిగిస్తున్నాం, ఆ రోజు మధ్యాహ్నం దాకా కొట్లో మా ఆవిడ ఒక్కతే ఉంటుంది. ఆటోనగర్ పెద్దాయన గారికి: మీ ప్రొజెక్టర్ రిమోట్ సీలింగ్ విప్పిన రోజు నుంచీ మా కుర్రాడి బ్యాగులోనే ఉందండీ, శుక్రవారం పొద్దున్నే తెచ్చిస్తాం.