హాస్టల్ గదిలో పైల్‌డ్రైవర్

సంపాదకుల వారికి,

నెల్లూరు దగ్గర్లో ఒక రెసిడెన్షియల్ స్కూలు ఉంది. మా మనవడు అక్కడ ఎనిమిదో తరగతి. పోయిన నెలలో ఒక ఆదివారం వాణ్ణి చూడటానికి వెళ్లాం. ఆదివారం అక్కడ తిరణాలే. ఊళ్ల నుంచి క్యారియర్లు మోసుకొచ్చిన తల్లిదండ్రులు చెట్ల కింద దుప్పట్లు పరుచుకుని కూర్చుంటారు. మేమూ చేపల పులుసు గిన్నె మూత తీశామో లేదో, పై అంతస్తు నుంచి కేక వినపడింది.

నేను మెట్లెక్కేసరికి, టీవీలో చూసిన కుస్తీ ఆడటానికి గదిలో మూడు పీచు పరుపులు ఒకదాని మీద ఒకటి వేసి ఉన్నాయి. చుట్టూ పిలకాయలు. తొమ్మిదో తరగతి కుర్రాణ్ణి ఇద్దరు పెద్దవాళ్లు అప్పటికే పైకి లేపేశారు. ఒకరు చంకల కింద చేతులేశారు, ఇంకొకరు కాళ్లు పట్టుకున్నారు. వాడి తల వెనక్కి వేలాడుతోంది. కింద ఆటో స్టార్ట్ చేసి ఉంది. ముప్పై ఏళ్లు డ్రిల్లు మాస్టారుగా చేసినవాణ్ణి, ఆ తల అలా ఊగడం చూసి అరిచేశాను: "దించండి ముందు! అక్కడే, నేల మీదే, మెల్లగా!" దించారు. రెండు తువ్వాళ్లు చుట్టి చెవులకు అటూ ఇటూ పెట్టి, తల కదలకుండా రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. వాడు ఏడవడం లేదు. "చేతుల్లో చీమలు పాకినట్టుంది తాతా" అన్నాడు. 108 వచ్చేదాకా నాకు ఊపిరాడలేదు.

అదృష్టం, ఎముక విరగలేదు. మెడకు కాలర్ వేసి పంపారు, ఇప్పుడు బాగానే ఉన్నాడట. స్కూలు వాళ్లు ఆ మర్నాడే చర్య తీసుకున్నారు. టీవీ గదికి తాళం వేశారు.

వాణ్ణి ఎత్తి కుదేసిన కుర్రాడు ఆ వేళ మూల కూర్చుని వణుకుతూ ఒక మాటన్నాడు. "మేం ఉత్తుత్తిగానే చేశాం తాతా. టీవీలో కూడా ఉత్తుత్తిదే కదా." నేను ఈ లేఖ రాస్తున్నది ఆ మాట గురించే.

టీవీలో వచ్చే ఆ కుస్తీ ఎవరు గెలవాలో ముందే అనుకుని ఆడతారనేది ఇప్పుడు ఐదో తరగతి పిల్లలకూ తెలుసు. చూడొద్దని నేను అనను. దాన్ని నడిపే అమెరికా కంపెనీ పేరు డబ్ల్యూడబ్ల్యూఈగా మారినా మా తరం దాన్ని ఇంకా డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అనే అంటుంది, నేనూ బాగానే చూశాను. ఒకప్పుడు మా స్కూల్లో పిలకాయల జేబులు తడిమితే ఆ కుస్తీవాళ్ల బొమ్మల కార్డులే దొరికేవి. ఎత్తు, బరువు, ఛాతీ, ఆడిన కుస్తీలు, ర్యాంకు అన్నీ అచ్చేసేవాళ్లు. గాయాలు అనే గడి మాత్రం ఏ కార్డు మీదా ఉండేది కాదు.

ఆ పిల్లలు చేసింది పైల్‌డ్రైవర్. ఎదుటివాణ్ణి తలకిందులుగా ఎత్తి, తల తొడల మధ్య ఇరికించుకుని కూలబడటం. నేర్చినవాళ్లు చేస్తే ఆ తల తొడల సందులో కాస్త పైనే ఆగుతుంది, నేలకు తగలదు. దెబ్బంతా కూలబడినవాడి మోకాళ్లకో పిరుదులకో పోతుంది. మనకు మాత్రం నెత్తి పగిలినట్టే కనపడుతుంది. తలకూ నేలకూ మధ్య ఆ ఎడం ఎంత ఉంటుంది? నాలుగు వేళ్లు ఉంటే ఎక్కువ. హాస్టల్ పరుపు మీద, చెమట పట్టిన చేతులతో, తనంత బరువున్న స్నేహితుణ్ణి ఎత్తిన పద్నాలుగేళ్లవాడు ఆ నాలుగు వేళ్లు ఎలా కొలుస్తాడు?

కొమ్ములు తిరిగినవాళ్లే కొలవలేకపోయారు. ఓవెన్ హార్ట్‌ది ఇంటిల్లిపాదీ కుస్తీ కుటుంబం, తండ్రి ఇంటి నేలమాళిగలోనే శిక్షణ ఇచ్చేవాడు. అంతటివాడు 1997 ఆగస్టులో, సమ్మర్‌స్లామ్ పోటీలో, స్టీవ్ ఆస్టిన్‌ను అలాగే ఎత్తి మోకాళ్ల మీద దిగకుండా కూర్చుండిపోయాడు. ఆస్టిన్ నడినెత్తి నేరుగా నేలకు కొట్టుకుంది. కాసేపు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఎలాగో పాక్కుంటూ వెళ్లి, అనుకున్న ప్రకారం తనే గెలిచినట్టు ముగించాడు. చూసేవాళ్లకు అదీ కథలో భాగమే అనిపించి ఉంటుంది. 2003లో ఆయన బరి వదిలేయడానికి ఆ మెడే ముఖ్య కారణం. ఓవెన్ హార్ట్ సంగతి ఇంకా ఘోరం. 1999 మే నెలలో కాన్సస్ సిటీలో పైకప్పు నుంచి తాడుతో దిగే విన్యాసానికి సిద్ధమవుతుండగా కొక్కెం ఊడి ఇరవై మీటర్లకు పైగా ఎత్తు నుంచి రింగులో పడి చనిపోయాడు. ఆ రాత్రి ఆట ఆపలేదు. నాకు ఇప్పటికీ అది మింగుడుపడదు.

అదే ఏడాది అక్టోబరులో డారెన్ డ్రోజ్‌డోవ్ అనే ఆటగాణ్ణి ఎదుటివాడు పవర్‌బాంబ్ కోసం, అంటే పైకి లేపి వీపు మీద పడేయడానికి, ఎత్తాడు. పట్టు సరిగ్గా కుదరక తలమీద పడ్డాడు. మెడ పూసలు విరిగాయి. అమెరికన్ ఫుట్‌బాల్ ఆడి ఒళ్లు గట్టిపడిన మనిషి, 2023లో పోయేదాకా చక్రాల కుర్చీలోనే బతికాడు. పడేసినవాడికి పగ లేదు, చాతకానివాడూ కాదు. పట్టు తప్పింది, అంతే.

అందుకే ఆ కంపెనీ వాళ్లే తర్వాత పైల్‌డ్రైవర్‌ను ఒకరిద్దరికి తప్ప మాన్పించారు. 2010లో తలమీద కుర్చీతో కొట్టడం కూడా ఆపేశారు. డబ్బు తీసుకుని, డాక్టర్లను పక్కన పెట్టుకుని ఆడేవాళ్లే వద్దనుకున్నవి మన హాస్టళ్లలో ఆదివారం మధ్యాహ్నం ఆటలయ్యాయి.

మెడ సంగతి సరే, తలకు తగిలే దెబ్బను మనవాళ్లు అసలు లెక్కలోకే తీసుకోరు. "బొప్పి కట్టింది, ఐస్ పెట్టు, పో, ఆడుకో" అంటారు. దాచేదేముంది, నేనూ ఆ రోజుల్లో అలా పంపినవాణ్ణే. 2001లో కాలిఫోర్నియాలో ఒక కుస్తీ శిక్షణ కేంద్రంలో బ్రయన్ ఓంగ్ అనే కుర్రాడు ప్రాక్టీసులో తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. అంతకు ముందే ఒకసారి తలకు తగిలి ఉన్నా మళ్లీ బరిలోకి దింపారు. ఆ రోజు అతనితో ప్రాక్టీసు చేసింది మన దేశం వాడే, తర్వాత గ్రేట్ ఖలీగా పేరు పడిన దలీప్ సింగ్. కోర్టులో జ్యూరీ తప్పు పట్టింది శిక్షణ కేంద్రాన్ని. మొదటి దెబ్బ మానకముందే రెండోది తగిలితే మెదడు ఉన్నట్టుండి ఉబ్బిపోవచ్చు. తలకు తగిలాక వాంతి అయినా, మత్తుగా ఉన్నా, అడిగిందే మళ్లీ అడుగుతున్నా ఆ పిల్లాణ్ణి ఆ రోజుకు గ్రౌండులోకి పంపకూడదు, డాక్టరు దగ్గరికి పంపాలి. ఇది కబడ్డీకీ వర్తిస్తుంది, క్రికెట్‌కీ వర్తిస్తుంది.

గోదాలో దిగే పాతకాలపు వస్తాదులు ముందు పార పట్టి మట్టి గుల్ల చేసేవాళ్లు. కొత్తవాడికి పట్ల కంటే ముందు పడటం నేర్పేవాళ్లు: గడ్డం ఛాతీకి ఆనించు, తల ఎత్తి పెట్టు, వీపంతా ఒకేసారి నేలకు తగలనీ. టీవీలో వాళ్లు మొదట నేర్చేదీ ఇంచుమించు ఇదే. మన పిలకాయలు పడేయడం ఒక్కటే చూసి నేర్చుకున్నారు. పడటం నేర్పాల్సినవాడు డ్రిల్లు మాస్టారు. చాలా ప్రైవేటు స్కూళ్లలో ఆ పీరియడ్‌ను లెక్కల సారుకు ఇచ్చేసి ఎన్నేళ్లయిందో తల్లిదండ్రులకు తెలియదు, ఫీజు రసీదులో మాత్రం స్పోర్ట్స్ అని ఉంటుంది.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల విద్యాశాఖ అధికారులను నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడుకున్నది కాదు. టీవీకి తాళం వేసినంత మాత్రాన జేబులో ఫోన్లు మాయం కావు. హాస్టల్ ఉన్న ప్రతి స్కూల్లో, కాలేజీలో వార్డెన్లకు, వాచ్‌మన్లకు, వంటవాళ్లకు, పెద్ద తరగతుల పిల్లలకు ఒక్క పూట మెడ దెబ్బ గురించి నేర్పించండి. పైనుంచి పడ్డా, తలకిందులుగా పడ్డా ఆ మనిషిని లేపకూడదు, కూర్చోబెట్టకూడదు, నీళ్లు తాగించకూడదు. తలను ఉన్నచోటే రెండు చేతులతో కదలకుండా పట్టుకుని 108కి ఫోన్ చేయాలి. వాంతి వస్తే తలా మెడా నడుమూ ఒకే వరసలో ఉండేట్టు నలుగురు కలిసి దుంగను దొర్లించినట్టు పక్కకు తిప్పాలి. మెడ పైభాగం నుంచి వచ్చే నరాలే ఊపిరి తీసే కండరాన్ని ఆడిస్తాయి. పూస విరిగి ఉంటే, ప్రేమతో ఎత్తి ఆటోలో వేసిన ఆ రెండు నిమిషాల్లోనే అవి పనిచేయకుండా పోవచ్చు. ఆటోవాళ్లకూ ఈ ముక్క చెప్పాలి, దెబ్బ తగిలినవాళ్లను ముందు ఎక్కించుకునేది పాపం వాళ్లే.

ఆ రోజు వాణ్ణి లేపిన ఇద్దరినీ నేను తప్పు పట్టడం లేదు. వాళ్లలో ఒకాయన సాయంత్రం గేటు దగ్గర కనిపించి, "మాకెవురు చెప్పారు సార్ ఇయన్నీ" అన్నాడు.

చెప్పేవాళ్లు లేరంటే నేనే వస్తాను. కోవూరు నుంచి పెన్న వంతెన దాటితే నెల్లూరే, ఒంగోలుకైనా పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి తిరిగొస్తాను. నాకు డబ్బులివ్వక్కర్లేదు. ఒక బెంచీ పలక, నాలుగు తువ్వాళ్లు, పడుకోవడానికి ఒప్పుకునే ఒక పిల్లాడు ఉంటే చాలు.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
కోవూరు, నెల్లూరు జిల్లా