హుషారు మనిషి ఒత్తిడి కంటపడదు

సంపాదకుడు గారికి,

ఒత్తిడి తగ్గించుకోవడంపై వచ్చే సలహాలు చాలావరకు ఒకే మూసలో ఉంటాయి: ఒంటరిగా కూర్చోండి, కళ్లు మూసుకోండి, ఫోన్ పక్కన పెట్టండి. నలుగురిలో ఉంటేనే ఊపిరాడే కలుపుగోలు మనుషులకు, అనుకున్నదే తడవుగా లేచి కదిలేవాళ్లకు ఇది తరచూ ఎదురు తిరుగుతుంది. గంటసేపు గదిలో కూర్చోబెడితే వాళ్ల బుర్ర కుదుటపడదు, ఉన్న బెంగనే పదిసార్లు నెమరేస్తుంది.

వీళ్ల ఒత్తిడి మొదట్లో హడావుడి రూపంలో బయటపడుతుంది. అర్ధరాత్రి దాకా ఫోన్లు, అక్కర్లేని కొనుగోళ్లు, పిలిచిన ప్రతివాళ్లకీ 'సరే, వస్తా'. చూసేవాళ్లు భలే హుషారు అనుకుంటారు. ఈలోపు చింపని బిల్లు కవరు బల్ల మీదే ఉంటుంది. దాన్ని పక్కకు నెట్టిన ప్రతిసారీ ఆ క్షణానికి మనసు తేలికవుతుంది. దాటవేత అలవాటుగా ముదిరేది అందుకే.

ముదిరాక మనిషి తలకిందులైనట్టు మారిపోతాడు. వాగుడుకాయ మూగబోతాడు, మామూలు మాటలో పెడర్థాలు వెతుకుతాడు, ఇక ఏదీ బాగుపడదని తేల్చేస్తాడు. మనసు బయటి ప్రపంచం వైపు మళ్లే బహిర్ముఖులు, తమలోకి మళ్లే అంతర్ముఖులు అంటూ 1921లో మనోవైద్యుడు కార్ల్ యూంగ్ చేసిన విభజనను అనుసరించేవాళ్లు దీన్ని అణగి ఉన్న కోణం పైకి రావడమంటారు. నిజానికి మనలో ఎక్కువమంది ఈ రెండింటికీ నడుమ ఎక్కడో ఉంటాం. అయినా ఈ మార్పును గమనించడం పనికొస్తుంది.

ఇలాంటివాళ్లు ముందు ఒంటిని కదిలించాలి. ఇరవై నిమిషాల వేగపు నడక, తోడుంటే మరీ మంచిది. శ్వాస సంగతి ఆ తర్వాత: నాలుగు సెకన్లు పీల్చి, ఆరు సెకన్లలో వదిలితే నిమిషానికి ఆరు శ్వాసలు. ఐదు నిమిషాలు చాలు.

మాట్లాడటం వీళ్ల బలం, గొయ్యి కూడా అక్కడే ఉంది. ఒకే గోడు ఐదుగురికి చెబితే ఐదుసార్లు రాజుకుంటుంది. ఒక్కరినే ఎంచుకోండి. పది నిమిషాలు గోడు, ఐదు నిమిషాలు రేపు పొద్దున చేసే మొదటి పని గురించి. ఆ పనిని కూడా 'ఈ వారం చూస్తా' అని వదిలేయకుండా, రోజూ చేసే పనికి ముడిపెట్టండి: 'పళ్లు తోముకుని రాగానే కవరు చింపుతా.' మనస్తత్వవేత్త పీటర్ గోల్‌విట్జర్ 1999లో వివరించిన పద్ధతి ఇదే. చింపడం వరకే లెక్క, డబ్బు కట్టడం మరో రోజు పని. రెండూ కలిపితే రెండూ ఆగుతాయి. ఎవరైనా పిలిస్తే, వెంటనే 'సరే' అనకుండా 'రేపు చెబుతా' అనేదే ఒత్తిడి ఉన్నన్ని రోజులూ జవాబు.

ఇంట్లోవాళ్లకు ఒక మాట. ఆ మౌనాన్ని చూసి 'నీకేం బాధ, ఎప్పుడూ నవ్వుతూనే ఉంటావుగా' అనకండి. సందడి చేస్తే సర్దుకుంటాడని పదిమందినీ పోగేయకండి, ఒకరు పక్కన నడిస్తే చాలు. దిగులు, నిద్ర పట్టకపోవడం, ఇష్టమైనవాటిపై కూడా విరక్తి రెండు వారాలుగా దాదాపు రోజూ ఉంటే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. చచ్చిపోవాలనే మాట వస్తే మాత్రం రెండు వారాలు ఆగొద్దు, ఆ రోజే వెళ్లండి.

– ఒక మానసిక ఆరోగ్య సలహాదారు