డాన్స్ టీచర్ గారూ, మీరెవరి దగ్గర నేర్చుకున్నారండీ?

సంపాదకులు గారికి నమస్కారం,

పోయిన ఆదివారం జిల్లా పేజీల్లో సమ్మర్ క్యాంపుల గురించి అర పేజీ వేశారు, చూశాను. ఫోటోలు బాగున్నాయి, పిల్లలు ముద్దొచ్చారు. కానీ దాని కిందనే ఒక యాడ్, "15 రోజుల్లో కూచిపూడి, వెస్టర్న్, ఫోక్, జుంబా, అన్నీ ఒకేచోట" అని. అది చూసి పేపర్ పక్కన పెట్టేసి ఈ ఉత్తరం మొదలెట్టాను. అది మొదటి పేజీలోనే వేసినా నేను ఇంతే రాసేదాన్ని లెండి, యాడ్ డబ్బులిచ్చినోళ్ళది, మీ తప్పు లేదు.

మాది గుంటూరు. మా అమ్మాయికి ఇప్పుడు పదేళ్ళు. ఏడేళ్ళప్పుడు మా ఇంటికి రెండు వీధుల అవతల, కర్రీ పాయింట్ పైన ఉన్న ఒక డాన్స్ స్టూడియోలో చేర్పించాం. ఎందుకు అక్కడే అంటే చెప్పడానికి సిగ్గుగా ఉంది, దగ్గర కాబట్టి. మెట్ల మీద పెద్ద ఫ్లెక్సీ, దాని నిండా మెమెంటోలు పట్టుకున్న ఫోటోలు, శాలువాలు, ఎవరో ఎమ్మెల్యే గారితో ఒక ఫోటో. మేడమ్ గారి పేరు ముందు "నాట్య" అని మొదలయ్యే బిరుదు ఒకటి. అది ఎవరిచ్చారో అడగలేదు. వాళ్ళాయన ఫీజు చెప్పారు, మావారు గూగుల్ పే చేశారు, అంతే. పిల్లకి ట్యూషన్ పెట్టేటప్పుడు మాస్టారు ఏం చదివారు, ఏ కాలేజీ, ఎన్నేళ్ళ నుంచి చెప్తున్నారు అని పది మందిని వాకబు చేసిన మనుషులం, ఒళ్ళంతా వంచి కాళ్ళు విరిచి నేర్చుకునే విద్యకి మాత్రం ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు.

మూడో నెల్లోనే స్టేజీ. ఆర్నెల్లకి పళ్ళెం ఎక్కించేశారు. తరంగం అంటారు కదా, నారాయణ తీర్థుల కీర్తనకి ఇత్తడి పళ్ళెం అంచు మీద పాదాలు పెట్టి ఆడేది, అది. మేమేమో వీడియో తీసి స్టేటస్సులు పెట్టుకున్నాం, మా ఆడపడుచు హార్ట్ ఎమోజీలు పెట్టింది. ఏడాది తిరిగేసరికి పిల్ల పొద్దున్నే లేచి మోకాళ్ళు నొప్పి అనడం మొదలుపెట్టింది. ముందు ఎదుగుదల నొప్పులనుకున్నాం, నూనె రాశాం. తగ్గకపోతే ఎముకల డాక్టరు దగ్గరికి, అక్కణ్ణుంచి ఫిజియోథెరపీకి. ఆ ఫిజియో అమ్మాయి "డాన్స్ లో ఎలా కూర్చుంటావో చూపించమ్మా" అంది. మా పిల్ల అరమండి వేసింది, అంటే మోకాళ్ళు పక్కలకి వంచి సగం కూర్చోవడం. పాదాలు అటూ ఇటూ తిరిగి ఉన్నాయి గానీ మోకాళ్ళు లోపలికి పడిపోతున్నాయి. ఆవిడకి డాన్స్ రాదు. అయినా చూడగానే పట్టేసింది, మోకాలు కాలి వేళ్ళ వైపే వెళ్ళాలి, తొడ పైనుంచి తిరగాలి, లేకపోతే బరువంతా కీలు మీదే పడుతుందని చెప్పి, "ఇది ఎవరూ సరిచెయ్యలేదా?" అని అడిగింది. పైగా ఆ స్టూడియోలో కింద గ్రానైట్. దాని మీద వట్టి కాళ్ళతో గంటసేపు దబదబా కొట్టడం, ముందు ఒళ్ళు వేడెక్కించే వ్యాయామం ఒక్క నిమిషం కూడా లేదు.

అప్పుడు వెళ్ళి అడిగాను, ఏడాది లేటుగా. "మేడమ్, మీరెవరి దగ్గర నేర్చుకున్నారు?" అని. ఆవిడకి కోపం రాలేదు పాపం, మామూలుగానే చెప్పింది. చిన్నప్పుడు రెండేళ్ళు నేర్చుకుందంట, పెళ్ళయ్యాక ఆగిపోయిందంట, పిల్లలు స్కూలుకెళ్ళాక యూట్యూబ్ చూసి ఐటమ్స్ నేర్చుకుని మొదలుపెట్టిందంట. నిజం చెప్పినందుకు ఆవిడంటే నాకు ఇప్పటికీ గౌరవమే. ఫ్లెక్సీ మీద ఆ ముక్క ఉండుంటే నేను ఎక్కిన మెట్లు ఎక్కినట్టే దిగేదాన్ని.

ఇక్కడ మా అత్తగారి గురించి చెప్పాలి. ఆవిడ పుట్టిల్లు మొవ్వ దగ్గర, కూచిపూడికి కూతవేటు దూరం. చిన్నప్పుడు వేదాంతం సత్యనారాయణ శర్మ గారి భామాకలాపం, అదే సత్యభామ కథ, చూశారంట. తెర మీదుగా జడ బయటికి వచ్చి పడుతుంది కదా, నాకు సాటి ఎవరో రండి అన్నట్టు, ఆ జడ చూసి ముందు వరసలో ఆడవాళ్ళు ఆవిడెవరో గానీ ఎంత అందంగా ఉందో అనుకున్నారంట, తీరా ఆయన మగాయన. ఆయన వేసినన్నాళ్ళూ సత్యభామంటే ఆయనే. మా అత్తగారు పళ్ళెం వీడియో చూసి ఒకటే మాటన్నారు, "దీనికి అడవులు ఎవరు చెప్పారే?" అని. నాకర్థం కాలేదు. అడవులంటే ఫారెస్టులు కాదండోయ్, డాన్స్ కి అఆలు లాంటివి, కాలు ఎక్కడ పడాలి, చెయ్యి ఎక్కడ ఆగాలి, చూపు ఎటు పోవాలి అనేవి, మొదటి కాలం రెండో కాలం మూడో కాలం అని వేగం పెంచుకుంటూ ఒక్కోటి కొన్ని వందలసార్లు కొట్టిస్తారు. వాటికే ఏడాదో రెండేళ్ళో పడుతుంది. మా పిల్లకి అవేవీ రాకుండానే నాలుగు ఐటమ్స్ వచ్చు. అఆలు రాకుండా పద్యం బట్టీ కొట్టినట్టు.

సరే, సర్టిఫికెట్ ఉంటే సరిపోతుందా అంటారేమో. నేను ఆ మాట అనట్లేదు. మా అత్తగారు చెప్పే పెద్దవాళ్ళెవరికీ డిగ్రీలు లేవు. వేదాంతం, చింతా, వెంపటి, పసుమర్తి, భాగవతుల, ఆ ఇళ్ళల్లో మగపిల్లలు తండ్రి దగ్గరో మేనమామ దగ్గరో నేర్చుకునేవాళ్ళు, ఊరంతా చూస్తుండేది, తప్పు చేస్తే అరుగు మీద ముసలాయన కూడా తిట్టేవాడు. అదే వాళ్ళ పరీక్ష. ఆడపిల్లలకి చెప్పడం వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి గారి లాంటి వాళ్ళు ధైర్యం చేశాకే మొదలైంది. సినిమా బ్యాక్ గ్రౌండ్ అయితే తక్కువా అంటే అదీ కాదు, వెంపటి చినసత్యం గారంతటి మనిషి ఊళ్ళో నేర్చుకుని మద్రాసు వెళ్ళి, అక్కడ సినిమాల్లో ఉన్న అన్నగారు పెదసత్యం గారి దగ్గర ఇంకా నేర్చుకుని, తర్వాత 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. ఆయన దగ్గర ఏళ్ళకేళ్ళు నేర్చుకున్న శోభానాయుడు గారు హైదరాబాదులో మళ్ళీ ఎంతమందికి చెప్పారో. ఎవరి దగ్గర నేర్చుకున్నారంటే వాళ్ళందరూ ఒక్క క్షణం ఆలోచించకుండా చెప్పేవాళ్ళు. నేను అడిగేది ఆ ఒక్క జవాబే.

ఇంకో సంగతి కూడా ఉంది, ఇది మా ఇంట్లో ఎవరూ పైకి మాట్లాడరు గానీ నేను రాస్తాను. గుళ్ళల్లో తరతరాలుగా ఆడిన కళావంతుల ఇళ్ళ ఆడవాళ్ళకి వచ్చిన విద్య ఎంత, 1947లో ఆడపిల్లల్ని గుడికి అంకితం ఇవ్వకూడదని దేవదాసీ చట్టం వచ్చాక వాళ్ళకి గుడి పోయింది, గౌరవం అంతకుముందే పోయింది, విద్య మాత్రం ఒంట్లోనే ఉండిపోయింది. నటరాజ రామకృష్ణ గారు అలాంటి ముసలమ్మల్ని ఇళ్ళకెళ్ళి బతిమాలి నేర్చుకుని ఆంధ్రనాట్యం అని మళ్ళీ నిలబెట్టారు. గురువు పేరు చెప్పండి అని ఇవాళ నేను దర్జాగా అడుగుతున్నాను గానీ, మన పెద్దలు పేరు చెప్పకుండా దాచేసిన గురువులు కూడా ఉన్నారు మరి.

చదువుకుని నేర్చుకునే దారి లేదా అంటే బోలెడుంది. కూచిపూడి ఊళ్ళోనే సిద్ధేంద్రయోగి కళాపీఠం ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో డాన్స్ లో పీజీ ఉంది. గవర్నమెంటు సంగీత నృత్య కళాశాలల్లో నాలుగేళ్ళు సర్టిఫికెట్, ఆ పైన రెండేళ్ళు డిప్లొమా, ఫీజు చూస్తే నవ్వొస్తుంది అంత తక్కువ. అక్కడ ఆరేళ్ళు కూర్చుని వచ్చిన అమ్మాయి బోర్డు, యూట్యూబ్ చూసి మొదలుపెట్టిన ఆవిడ బోర్డు మా వీధిలో పక్కపక్కనే ఉంటే రెండో ఆవిడ ఫ్లెక్సీయే పెద్దది. షాపుకి ట్రేడ్ లైసెన్స్ అడుగుతారు, చెప్పేవాళ్ళు ఇంత నేర్చుకుని ఉండాలని ఎవరూ అడగరు. ఆఖరికి జుంబా చెప్పే కుర్రాడికైనా ఒకటి రెండ్రోజుల ట్రైనింగ్ చేసి తెచ్చుకున్న కాగితం ఉంటుంది, పెద్దవాళ్ళం చెమట పట్టించుకోడానికి అది చాలు. పసిపిల్లల మోకాళ్ళకి చాలదు కదా.

రికార్డుల పిచ్చి ఒకటి. రికార్డింగ్ డాన్సులు కాదు లెండి, అవి వేరే, గిన్నిస్ రికార్డులు. 2010లో గచ్చిబౌలి స్టేడియంలో 2,850 మంది, 2016లో విజయవాడలో 6,117 మంది కలిసి కూచిపూడి చేశారు, ఆ సంగతి అందరికీ తెలుసు, వాటిల్లో బాగా నేర్చుకున్న పిల్లలూ ఉన్నారు, చూడ్డానికి కన్నులపండగే. దాని తర్వాత ఊరూరా ఏదో ఒక బుక్కు పేరుతో రికార్డులొచ్చాయి, డబ్బు కడితే టీషర్టు, మెడల్, సర్టిఫికెట్. వెయ్యి మందిలో మూడు వందల డెబ్భయ్యో మనిషిగా నిలబడితే మీ పిల్ల కాలు ఎలా పడిందో ఎవడికి తెలుసు? ఆ సర్టిఫికెట్లే లామినేషన్ చేయించి గోడకి కొడతారు, అదే క్వాలిఫికేషన్ అనుకుంటాం.

ఇప్పుడు మా పిల్ల వేరే టీచర్ గారి దగ్గరికెళ్తోంది. పాత పెంకుటింటి వసారా, ఫ్లెక్సీ లేదు, గేటుకి చిన్న రేకు బోర్డు. మొదటి రోజే భయపడుతూ అడిగాను, "ఏమీ అనుకోకండి, మీరెవరి దగ్గర..." అని నసుగుతుంటే ఆవిడ ముఖం వెలిగిపోయింది. "అడిగిన మొదటి తల్లివి నువ్వేనమ్మా" అని కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి వాళ్ళ గురువుగారు, ఆయన గురువుగారు, ఎన్నేళ్ళు నేర్చుకుంది, ఎందులో దెబ్బలు తింది, నట్టువాంగం, అంటే తాళాలు వేస్తూ ఆడించడం, ఎప్పుడు పట్టుకోనిచ్చారు, అన్నీ చెప్పింది. అరగంట పట్టింది. మా అత్తగారికి ఫోన్ లో చెప్తే ఆ గురువుగారి మేనమామ వాళ్ళ పొలం పక్కవాళ్ళేనని తేలింది, అది వేరే కథ.

అక్కడ బ్లూటూత్ స్పీకర్ లేదు. ఆవిడ నోటితో జతి, అంటే తకధిమి లాంటి అడుగుల మాటలు, చెప్తూ కర్రతో పీట మీద తాళం కొడుతుంది. పిల్లల కాలు తడబడితే తాళం ఆపేస్తుంది, నెమ్మదిగా మళ్ళీ ఎత్తుకుంటుంది. పాట పెట్టి వదిలేస్తే ఆ పాట ఎవరికోసం ఆగుతుంది చెప్పండి. ముందు పావుగంట ఒళ్ళు సాగదీయించడం, గచ్చు మీద చాపలు, మోకాలు నొప్పి అంటే ఆ రోజు కూర్చుని హస్తాలు, అంటే చేతి ముద్రలు మాత్రమే. పతాకం, త్రిపతాకం అని ఒంటిచేత్తో పట్టే ఇరవై ఎనిమిదీ శ్లోకంతో సహా. ఎనిమిది నెల్లయింది, ఒక్క ఐటమ్ కూడా చెప్పలేదు. మావారు నెలకోసారి "స్టేజీ ఎప్పుడంట?" అని అడుగుతూనే ఉన్నారు, నేను వినపడనట్టు ఊరుకుంటున్నాను. ఒక లోపం కూడా చెప్పాలి, ఆవిడ గట్టిగా అరుస్తుంది, ఇద్దరు పిల్లలు మానేశారు. బాగా వచ్చినవాళ్ళందరికీ బాగా చెప్పడం రాదనేది కూడా నిజమే, ఆ మాట ఆవిడతోనే అన్నాను, "మా గురువుగారు కొట్టేవారమ్మా, నేను అరుపుతో సరిపెడుతున్నా" అంది. దానికేం చెప్తాం.

మా చెల్లెలు అమెరికాలో డాలస్ లో ఉంటుంది. వాళ్ళ పాపకి ఆన్ లైన్ లో ఇక్కడి టీచరే చెప్తుంది. అక్కడ రంగప్రవేశం, అదే పిల్ల మొదటిసారి స్టేజీ మీద పూర్తి కచేరీ ఇవ్వడం అంటే చిన్న పెళ్ళంత హడావుడి, హాలు, ఆర్కెస్ట్రా, ఆహ్వాన పత్రికలో టీచర్ గురించి పేజీడు రాస్తారు. "ఆ పేజీలో ఎవరి దగ్గర ఎన్నేళ్ళు అనేది ఉందా?" అని అడిగాను. వెతికి చూసి "బిరుదులున్నాయక్కా, అది లేదు" అంది.

ప్రభుత్వం రూలు పెట్టాలి, కమిటీ వెయ్యాలి అని నేను అడగను. పెడితే అదో దందా అవుతుంది, మళ్ళీ దానికో సర్టిఫికెట్ అమ్ముతారు. తల్లిదండ్రులు ఫీజు కట్టేముందు ఆ ఒక్క ప్రశ్న అడగండి, ఒక క్లాసు గోడ పక్కన కూర్చుని చూడండి, అంతే. టీచర్లు కూడా డాక్టరు గారి బోర్డు మీద డిగ్రీ ఉన్నట్టు, మీ గురువు పేరు, నేర్చుకున్న ఏళ్ళు రాయించండి. రెండేళ్ళే అయితే రెండేళ్ళనే రాయండి, చిన్నపిల్లలకి సరదాగా సినిమా పాటలు నేర్పిస్తామని రాయండి, దానికీ వచ్చేవాళ్ళుంటారు, మా చిన్నోణ్ణి నేనే పంపిస్తాను.

మీకు కూడా ఒక విన్నపం ఉందండీ సంపాదకులు గారూ. "అలరించిన చిన్నారుల నృత్యం" అని వారానికి రెండు ఫోటోలు వేస్తారు మన జిల్లా పేజీలో. ఆ పిల్లలకి చెప్పిందెవరు, వాళ్ళకి చెప్పిందెవరు అని కింద ఒక్క లైను వెయ్యండి. చోటు లేదంటారేమో, పోయినవారం ఫోటో కింద ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి, మెమెంటోల స్పాన్సర్, ఆఖరికి మైక్ సెట్ ఇచ్చినాయన పేరు కూడా ఉంది.

ఇట్లు,
ఒక డాన్స్ పాప వాళ్ళమ్మ,
గుంటూరు